మన మూడు ఊళ్ళ బజార్లు - పైకి కనిపించని కష్టాలు

హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీద బస్సులో వెళ్ళినవాళ్ళకు సూర్యాపేట గుర్తుండే ఉంటుంది. "టీ తాగేవాళ్ళు తాగండి, పది నిమిషాలే" అని కండక్టరు కేకేస్తే సగం నిద్రలో దిగి, పల్లీల పొట్లం కొనుక్కుని మళ్ళీ ఎక్కే ఊరు. చాలామందికి మా ఊరంటే అంతే. మాకు మాత్రం ఇదే పట్నం. పాతపేరు భానుపురి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రం కూడా అయింది.

నేను పెళ్ళయి ఈ ఊరొచ్చి ఇరవై మూడేళ్ళు దాటింది. పుట్టిల్లు కోదాడ. మా చెల్లెల్ని ఇచ్చింది మిర్యాలగూడలో. అందుకని నెలలో ఒకట్రెండుసార్లయినా ఈ మూడు ఊళ్ళ మధ్యా తిరుగుతూనే ఉంటాను. పిల్లలమర్రి గుళ్ళ గురించీ, మట్టపల్లి నరసింహస్వామి గురించీ, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి గురించీ ఇదివరకు ఎందరో రాశారు. ఈసారి మిమ్మల్ని మా బజార్లకు తీసుకెళ్తాను. మనం రోజూ కూరగాయలకీ, గాజులకీ, మందులకీ వెళ్ళే బజార్లే. అయితే అక్కడికి రావడానికి భయపడేవాళ్ళూ కొందరున్నారు. వాళ్ళ కళ్ళతో చూద్దాం రండి.

పైకి కనిపించకపోతే కష్టం లేనట్టేనా?

కాలు లేకపోయినా, చూపు లేకపోయినా మనకు తెలుస్తుంది. చేతికర్రో మూడుచక్రాల బండో కనిపిస్తుంది. లేచి సీటిస్తాం, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాం. ఆ మాత్రం మంచితనం మన ఊళ్ళల్లో ఇంకా ఉంది. మరి పైకి ఏమీ కనిపించకపోతే? వినిపించని పెద్దామెను "పొగరు, పిలిస్తే పలకదు" అంటాం. చప్పుడు తట్టుకోలేక చెవులు మూసుకుని కూర్చున్న పిల్లవాణ్ణి "మొండిఘటం" అంటాం. నడుము వంగని వయసు పిల్లను "బద్ధకం" అనేస్తాం.

చట్టం కూడా వీళ్ళను ఆలస్యంగానే చూసింది. 1995లో వచ్చిన చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో చేసిన కొత్త చట్టంలో అవి 21 అయ్యాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమలులో ఉంది. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, పార్కిన్సన్ - ఇలాంటివన్నీ అందులో చేరాయి. వీటిలో చాలావరకు మనిషిని చూడగానే పోల్చుకోలేనివే. వైకల్యం ఉన్నవాళ్ళను నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ళ దాకా జైలు శిక్ష అని కూడా ఆ చట్టంలో రాసి ఉంది. మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

సూర్యాపేట: కూరగాయల దగ్గర

సూర్యాపేట బజారు సంగతి మీకు చెప్పాలి. శంకర్‌విలాస్ సెంటరు నుంచి ఎం.జి. రోడ్డు మీదుగా వెళ్తే సాయంత్రం పూట కాలు పెట్టే సందుండదు. ఒకవైపు తోపుడు బండ్లు, ఇంకోవైపు ఆటోలు, మధ్యలో హారన్లు. పండగ ముందు రోజుల్లోనైతే చుట్టుపక్కల మండలాల జనమంతా ఇక్కడే.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం టమాటాలు ఏరుకుంటున్నాను. నా పక్కనే నిలబడ్డ కాలేజీ పిల్ల ఉన్నట్టుండి కింద పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. క్షణంలో జనం మూగారు. ఒకాయన తాళంచెవుల గుత్తి తీసి పిల్ల చేతిలో కుక్కుతున్నాడు. ఇంకొకామె ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టమంటోంది. "నీళ్ళు తాపుండ్రి" అని ఇంకొకరు. అదృష్టం కొద్దీ అక్కడ ఒక నర్సమ్మ ఉంది. అందర్నీ వెనక్కి జరిపి, పిల్లను ఒక పక్కకు తిప్పి, తల కింద తన చున్నీ మడిచి పెట్టింది. రెండు నిమిషాల్లో అదే తగ్గిపోయింది.

ఆ నర్సమ్మ చెప్పిన మాటలు మీరూ గుర్తుపెట్టుకోండి. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో ఇనుము పెట్టినా, ఉల్లిగడ్డ వాసన చూపించినా ఏ ఉపయోగమూ లేదు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. గట్టిగా అదిమి పట్టకూడదు. చుట్టుపక్కల గుచ్చుకునేవి తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలి.

నన్ను అంతకన్నా బాధపెట్టింది తర్వాత జరిగింది. పరుగున వచ్చిన తల్లి పిల్లను పొదువుకుని, మా అందరికీ దణ్ణం పెట్టి, "అక్కా, ఎవ్వరికీ చెప్పకుండ్రి. సంబంధం చూస్తున్నం" అంది. ఏం చెప్పమంటారు? ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బుంది. సరైన మందు వేళకు వేసుకుంటే చాలామందికి అదుపులో ఉంటుంది. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ పేరును 1999లోనే తీసేశారు. చట్టం తీసేసింది గానీ మన మనసుల్లోంచి ఇంకా పోలేదు. దాచిపెట్టడంతో ఆ పిల్ల స్నేహితురాళ్ళకు కూడా ఏం చెయ్యాలో తెలియలేదు. దాచేకొద్దీ ప్రమాదమే కదా!

కోదాడ: మా అమ్మా, మందుల చీటీ

సూర్యాపేట నుంచి కోదాడకు బస్సెక్కితే మొదట దురాజ్‌పల్లి గుట్ట కనిపిస్తుంది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగేది అక్కడే. "ఓ లింగా" అంటూ భేరీలు మోగుతుంటే లక్షల జనం. ఆ తర్వాత మునగాల. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, ఒకప్పుడు కృష్ణా జిల్లా లెక్కలో ఉన్న పరగణా అది. అక్కణ్ణుంచి కాసేపట్లో కోదాడ. ఇటు ఖమ్మం, అటు హుజూర్‌నగర్, ముందుకెళ్తే జగ్గయ్యపేట. నాలుగు దారుల మనుషులు కలిసే ఊరు కాబట్టి బస్టాండు దగ్గరా, ఖమ్మం క్రాస్ రోడ్డు దగ్గరా ఎప్పుడూ సందడే.

మా అమ్మకు డెబ్భై దాటాయి. చెవులు బాగా మందగించాయి. మనిషి చక్కగా ఉంటుంది, జరీ అంచు చీర కట్టుకుని తనే బజారుకు వెళ్తుంది. చూసినవాళ్ళెవరూ వినిపించదని అనుకోరు. పోయిన వేసవిలో ఒక మందుల షాపులో షుగరు గోళీలు కొంది. కౌంటరు దగ్గర కుర్రవాడు తల వంచుకుని, బిల్లు కొడుతూనే "రోజుకొకటి, పొద్దున టిఫిను ముందు" అన్నాడు. వెనక ట్రాఫిక్కు. అమ్మకు "పొద్దున, రాత్రి" అన్నట్టు తోచింది. "ఏంది బాబూ?" అని రెండోసారి అడిగితే విసుక్కున్నాడట. వెనక లైనులో ఉన్నాయన "జల్దీ కానియ్ పెద్దమ్మా" అన్నాడట. సిగ్గుపడి తలూపి వచ్చేసింది.

మూడోరోజు పొద్దున పాల ప్యాకెట్టు కోసం వెళ్ళి, చెమటలు పట్టి, తూలిపోయి ఒక అరుగు మీద కూలబడింది. తాగినవాళ్ళు తూలినట్టు ఉందని ఒకరిద్దరు తప్పుకుని పోయారు. ఎదురింటామె గుర్తుపట్టి, నోట్లో చక్కెర వేసి ఇంటికి చేర్చింది కాబట్టి సరిపోయింది. షుగరు పడిపోతే అలాగే తూలతారు, మాట తడబడుతుంది, కోపం కూడా వస్తుంది. స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెరో, బెల్లమో, తీపి పానకమో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు అమ్మ వేరే షాపుకు వెళ్తోంది. అక్కడాయన గోళీల అట్ట మీదే పెన్నుతో సూర్యుడి బొమ్మ వేస్తాడు. పొద్దుటిదైతే సూర్యుడు, రాత్రిదైతే చంద్రుడు. అమ్మ ఎదురుగా నిలబడి, మొహం కనిపించేలా నెమ్మదిగా చెప్తాడు. అరవడు. చెవులు వినిపించనివాళ్ళకు మన పెదాల కదలికే సగం మాట. ఖర్చు లేని పని చూశారా? ఒక్క పెన్ను, ఒక్క నిమిషం ఓపిక!

బస్సులో ఒక చెల్లెమ్మ

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వెళ్తాం. సాగర్ ఎడమ కాలువ పారే నేల. నాట్ల రోజుల్లో చూడాలి, కనుచూపు మేర పచ్చదనమే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మనకు బస్సు టిక్కెట్టు లేదు కదా, ఆడవాళ్ళతో బస్సులన్నీ కిటకిటలాడుతున్నాయి. మంచిదే. పుట్టింటికి వెళ్ళడానికి ఎవరినీ డబ్బులడగనక్కర్లేదు. సీటు దగ్గర మాత్రం పోట్లాటలు ఎక్కువయ్యాయి.

ఒకసారి ముప్ఫై అయిదేళ్ళామె ముందు సీట్లో కూర్చుని ఉంది. పక్కన ఒక ముసలామె నిలబడితే అందరూ ఈమె మీద పడ్డారు. "వయసుల ఉన్నవ్, లేవరాదా?" అని. ఆమె లేచింది. లేవడమే కడ్డీ పట్టుకుని, మెడ తిప్పకుండా, మొత్తం ఒళ్ళు కూడగట్టుకుని లేచింది. అప్పుడు చెప్పింది, తన పుట్టిల్లు మర్రిగూడ వైపని. నల్లగొండ జిల్లాలో ఆ మాట చాలు. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళ ఫ్లోరైడు ఎముకల్లో చేరితే మెడ, నడుము బిగుసుకుపోతాయి. వంకర్లు తిరిగిన కాళ్ళే ఫోటోల్లో చూశాం మనం. ఇలా పైకి బాగానే కనిపిస్తూ లోపల్లోపల నొప్పి భరించేవాళ్ళను ఎవరూ ఫోటో తియ్యరు. మంచినీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టారు. ఇప్పుడు నల్లా నీళ్ళొచ్చాయి. కానీ అప్పుడు బిగిసిన ఎముకలు మళ్ళీ మామూలు కావు.

ఆ ముసలామే ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి, "నాకేమైంది బిడ్డా, నేను గట్టిగనే ఉన్న" అంది. పెద్దమనసంటే అదీ.

మిర్యాలగూడ: రైళ్ళు లెక్కపెట్టే బాబు

మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు. కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. సాగర్ రోడ్డు మీద దుమ్ము, హారన్లు, షాపుల ముందు మైకులు. మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. వాడికి మన చెవికి వినిపించే చప్పుడు పదింతలై తగులుతుంది. ట్యూబ్‌లైటు మిణుకు మిణుకుమన్నా తట్టుకోలేడు. అప్పుడు చెవులు మూసుకుని, నడిరోడ్డయినా సరే, కూర్చుండిపోతాడు. ఒక్కోసారి అరుస్తాడు.

ఒక బట్టల షాపులో అలాగే అయితే, "పిల్లల్ని పెంచడం రాకపోతే ఇంట్లో ఉంచుకోవాలి" అంది ఒకావిడ. షాపువాళ్ళు "బయటికి తీసుకపోండమ్మా" అన్నారు. ఆరోజు నుంచి ఎనిమిది నెలలు మా చెల్లెలు బజారు మొహం చూడలేదు. పెళ్ళిళ్ళు మానేసింది, గుడి మానేసింది. మా మరిది తెచ్చిన కూరగాయలు వండుకోవడం, తలుపేసుకోవడం. పిల్లవాడికి కొత్త మాటలు రావడమూ ఆగిపోయింది. మనుషుల్ని చూడకుండా మాటలెలా వస్తాయి?

వాణ్ణి మళ్ళీ బయటికి తెచ్చింది రైళ్ళు. మా మరిది ఒక మధ్యాహ్నం వాణ్ణి స్టేషనుకు తీసుకెళ్ళాడు. రద్దీ లేని వేళ, చివరి బెంచీ మీద కూర్చుని గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాడట, ఒక్కటీ తప్పకుండా. ఆ తర్వాత స్టేషను నుంచి వచ్చే దారిలో గాజుల కొట్టు దగ్గర ఆగడం మొదలైంది. కొట్టామెకు చెల్లెలు ముందే చెప్పింది. ఆమె పొద్దున పదింటికి, గిరాకీ లేనప్పుడు రమ్మంది. వీళ్ళు రాగానే టీవీ కట్టేస్తుంది. బాబుకు మూలన ఒక స్టూలు వేస్తుంది. వాడు గాజులు రంగుల వారీగా పేర్చి పెడతాడు. "మా కొట్లో ఇంత నీటుగా ఎవ్వరూ సర్దలే" అని మెచ్చుకుంటుంది. మొన్న వెళ్ళినప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని ఆ కొట్టు దాకా లాక్కెళ్ళాడు.

మండలాల్లో ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. ఇలాంటి పిల్లలకు అక్కడ నేర్పిస్తారు. సికింద్రాబాదు బోయినపల్లిలో 1984 నుంచి జాతీయ సంస్థే ఉంది. అక్కడ నేర్పిన విద్యను పిల్లలు వాడుకోవాల్సింది మాత్రం మన బజారులోనే.

వేరేచోట్ల ఏం చేస్తున్నారు?

2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో ఒక చిన్న ఏర్పాటు చేశారు. పైకి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్ళు కావాలంటే పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ పట్టీ మెళ్ళో వేసుకోవచ్చు. అది చూసి సిబ్బంది "మీకేం సాయం కావాలి?" అని నెమ్మదిగా అడుగుతారు. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. అది ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. ఇంగ్లండులోనే మారిసన్స్ అనే పెద్ద కిరాణా షాపుల్లో 2018లో వారానికో గంట పాటలు ఆపి, లైట్లు తగ్గించి అమ్మడం మొదలుపెట్టారు. మన గాజుల కొట్టామె ఇవేవీ వినలేదు. అయినా అదే చేసింది!

మనం చెయ్యగలిగినవి

- కొట్టువాళ్ళతో ఒక మాట: గిరాకీ పలచగా ఉండే ఒక గంట మైకు, టీవీ కట్టెయ్యమని అడగండి. ఒక స్టూలు, ఒక గ్లాసు మంచినీళ్ళు ఉంచమనండి. ధర, మోతాదు కాగితం మీద రాసివ్వమనండి.

- మునిసిపాలిటీకి: ఆడవాళ్ళం పదిమంది కలిసి అర్జీ ఇవ్వండి. బజారులో కూర్చోవడానికి అరుగులు, లోపల గొళ్ళెం పడే శుభ్రమైన మరుగుదొడ్లు, పెద్ద అక్షరాలతో, బొమ్మలతో బోర్డులు కావాలని రాయండి. పేగు, మూత్ర సంబంధమైన జబ్బులున్నవాళ్ళు మరుగుదొడ్డి లేదనే బయటికి రారు.

- చేతి సంచీలో: మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే ఫోన్ నంబరు, వాడే మందుల పేర్లు రాసిన చీటీ, చెవుల్లో పెట్టుకునేందుకు దూది, పటికబెల్లం ముక్క, మంచినీళ్ళు, ఒక జత బట్టలు. జాతరకు వెళ్తే పిల్లల జేబులో ఫోన్ నంబరు తప్పనిసరి.

- కాగితాలు: జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్లు పరీక్షించి సర్టిఫికెట్టు ఇస్తారు. యు.డి.ఐ.డి. కార్డు దేశమంతా చెల్లుతుంది. సిగ్గుపడి మానెయ్యకండి.

- మనసు బాగోలేకపోతే: 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు. పిల్లల్ని చూసుకుని అలసిపోయిన తల్లులు కూడా చెయ్యొచ్చు.

- అన్నిటికన్నా ముందు: ఎవరైనా వింతగా ప్రవర్తిస్తే తల్లికి పెంపకం పాఠాలు చెప్పకండి. "ఏమన్నా సాయం కావాలా అమ్మా?" అని అడగండి. వద్దంటే పక్కకు జరిగి చోటివ్వండి. చోటివ్వడం కూడా సాయమే.

ఇవన్నీ అయ్యే పనులేనా అంటారా? 2003 తర్వాతి రోజుల్లో సూర్యాపేట చెత్తకుండీలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని ఇంటింటికీ చెప్తే మొదట్లో మేమూ నవ్వుకున్నాం. ఆ తర్వాత వేరే రాష్ట్రాల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. రెండు బుట్టలు పెట్టడం నేర్చుకున్న ఊరు, ఒక స్టూలు వెయ్యడం నేర్చుకోలేదా?

రేపు బజారుకెళ్ళినప్పుడు మీరు రోజూ కొనే ఒక్క కొట్టులో ఈ మాట చెప్పి చూడండి. మీ వీధిలో తలుపేసుకుని కూర్చున్న తల్లి ఎవరైనా ఉంటే, "నేనూ వస్తా, పద" అని తోడు తీసుకెళ్ళండి.